నేపాల్ పార్లమెంటు సచివాలయ ప్రధాన కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నమస్కారం. పశుపతినాథుడి దర్శనానికని ఏటా మా తెలుగువాళ్లు మీ ఊరు వస్తుంటారు. 2025 సెప్టెంబరులో మీ యువత నిరసనలు అల్లర్లుగా మారినప్పుడు వాటి మధ్య చిక్కుకున్న మావాళ్లను ప్రత్యేక విమానంలో వెనక్కి తెచ్చుకున్నాం. కాబట్టి కాఠ్మాండూ న్యూ బానేశ్వర్‌లోని మీ పార్లమెంటు భవనం మాకు పూర్తిగా పరాయిది కాదు.

అది చట్టసభ కోసం కట్టినది కాదు. చైనా సాయంతో లేచిన సమావేశ మందిరం, పైగా రాజు బీరేంద్ర పేరు మీద. 2008 మే 28న 601 మంది సభ్యుల రాజ్యాంగ సభ రాచరికాన్ని రద్దు చేసింది ఆ రాజు పేరున్న మందిరంలోనే! 2015 సెప్టెంబరు 20న రాజ్యాంగం అమల్లోకి వచ్చినట్లు ప్రకటించిందీ అక్కడే. ఆ రాజ్యాంగానికి పదేళ్లు నిండడానికి పదకొండు రోజుల ముందు, ఆ 2025 సెప్టెంబరు అల్లర్లలోనే, ఈ భవనాన్ని తగలబెట్టారు.

అయితే ముందురోజు ఆ భవనం గేటు దగ్గరే నిరసనకారులపై పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఒక్కరోజే దేశంలో 19 మంది చనిపోయారు. ఈ మాట వదిలేసి మంటల గురించే రాసే శిలాఫలకం సగం అబద్ధం అవుతుంది.

మరమ్మతుల పేరుతో గోడలన్నిటికీ సున్నం వేయించకండి. మసిబారిన గోడ ఒక్కటైనా ఉంచండి. పక్కన 2008, 2015, 2025 మూడు తేదీలూ రాయించండి. కాలిపోయిన దస్త్రాలు ఏవో, మిగిలినవి ఏవో జాబితా బయటపెట్టండి. భవనాన్ని మళ్లీ కట్టుకోవచ్చు గానీ, కాగితం పోతే పోయినట్లే.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు