తప్పు నీ కాళ్ళది కాదు, చిన్నీ

లీడ్స్
ఆదివారం రాత్రి

చిన్నీ,

నీ మెసేజ్ మూడుసార్లు చదివాను. "నాకు ఇది రాదేమో నాన్నా, బండి అమ్మేద్దాం" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఫోన్‌లో చెబితే మధ్యలో "సరే సరే" అనేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పంపిన రెండు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. ఒకటి వెనక టైరు, ఇంకోటి విప్పిన స్పార్క్ ప్లగ్. కాలు కింద పెట్టకుండా మోటార్‌సైకిల్‌ని రాళ్ళ మీదుగా నడిపే మన ట్రయల్స్ ఆటలో, నిన్న ఆ తడిరాళ్ళ మీద నువ్వు జారిందీ, మూడో సెక్షన్‌లో (ఒక్కో అడ్డంకుల దారినీ సెక్షన్ అంటాం కదా) ఇంజను ఆగిపోయి అయిదు తప్పు మార్కులు పడిందీ నీకు చేతకాక కాదు. ఆ రెండు వస్తువులు నీకు సాయం చేయలేదు. అందులో సగం తప్పు నాది. మోకాలి ఆపరేషన్ తర్వాత నాలుగేళ్ళు బండిని షెడ్డులో కదపకుండా ఉంచాను. నీకు ఇచ్చేటప్పుడు ఆయిల్ మార్చాను, గొలుసు చూశాను, టైర్ల మీద రబ్బరు బొడిపెల గుత్తులు నిండుగా ఉన్నాయి కదా అని వదిలేశాను.

ఫొటోలో టైరు పక్కన అచ్చులో నాలుగు అంకెలు కనిపిస్తున్నాయి, చూడు: 1714. అంటే 2014లో 17వ వారంలో తయారైన టైరు. ట్రయల్స్ టైరుకి పట్టు వచ్చేది దాని మెత్తదనం వల్ల. మోటోక్రాస్ (మట్టిదారి వేగపు పందెం) టైరులాగా పొడుగు గుత్తులతో నేలను తవ్వుకుంటూ పోదు. రాయి ఎలా ఉంటే అలా వంగి, దాన్ని పొదివి పట్టుకుంటుంది. రబ్బరు ఏళ్ళ తరబడి పడి ఉంటే గట్టిపడుతుంది, గుత్తులు ఎంత నిండుగా ఉన్నా లాభం లేదు. ఒకసారి గోరు గుచ్చి చూడు. కొత్త టైరు మీద గోరు దిగి గుర్తు పడి, మెల్లగా మాసిపోతుంది. నీ టైరు మీద గోరు జారిపోతుందని ఇక్కడ కూర్చునే చెప్పగలను.

ఇక గాలి. "పంక్చర్ అయినట్టు కనిపించింది, బంకులో 12 పెట్టాను" అని రాశావు. నీ స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు. కారుకి 30, 32 పెట్టే చేతికి ఇది మింగుడుపడదు. కానీ ఈ బండికి వెనక 4 నుంచి 5 పీఎస్‌ఐ (మనం పాయింట్లు అంటామే, ఆ గాలి ఒత్తిడి కొలత), ముందు 6 నుంచి 7 చాలు. బొటనవేలితో వెనక టైరు పక్కగోడ నొక్కితే నానిన పూరీ పిండిలా లోపలికి పోవాలి. 12 ఉంటే టైరు బంతిలా నిలబడి, రాయిని ఒక్క మొనతో తాకి ఎగురుతుంది. 4 ఉంటే అదే రాయి మీద అరచేయి పరిచినట్టు పరుచుకుంటుంది. నువ్వు తేలిక మనిషివి, వెనక 4తో మొదలుపెట్టు. రిమ్ము రాళ్ళకి తగిలి టంగుమని మోగినా, వాలు మీద అడ్డంగా వెళ్ళేటప్పుడు వెనక భాగం పక్కకి ఒరిగినట్టు అనిపించినా అర పాయింటు పెంచు.

బంకు మీటర్‌ని మాత్రం నమ్మకు. అది లారీలకీ కార్లకీ తయారు చేసింది, నాలుగుకీ ఆరుకీ తేడా దానికి తెలియదు. 15 వరకే అంకెలున్న చిన్న మీటరు నా టూల్‌బాక్స్‌లో ఉంది, రేపు పోస్టులో పంపిస్తాను. ఉదయం చల్లగా ఉన్నప్పుడు, బండి కదలకముందు చూడు. తారురోడ్డు మీద మైళ్ళకొద్దీ పోవాల్సిన రోజున మాత్రం గాలి పెంచుకో. నాలుగు పాయింట్లతో రోడ్డు మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పాడవుతుంది.

కొత్త టైరు ఏది కొనాలంటావు కదా. వెనక 4.00-18, ముందు 2.75-21, ఆ కొలతల్లో మార్పు లేదు. మిషెలిన్, డన్‌లప్ డీ803, ఐఆర్‌సీ టీఆర్011, మూడూ పోటీల కోసం చేసినవే. మీ స్కాట్లాండ్ హైలాండ్స్‌లో రాయి, వాగు, నాచు ఎక్కువ కాబట్టి నా ఓటు మిషెలిన్ వెనక టైరుకి. ముందు చక్రానికి ఏది వేసినా పెద్ద బాధ లేదు. దుకాణంలో ధర చూపించి పిరెల్లి ఎంటీ43 తీసుకోమంటారేమో. అది రోడ్డూ కొండదారీ కలిపి తిరిగేవాళ్ళకి మంచి టైరే. కానీ దాని గోడలు బిరుసు, 4 పాయింట్ల దగ్గర మనకి కావలసినంత వంగదు. వద్దని చెప్పు.

మన మాంటెసా 4ఆర్‌టీ బండి వెనక చక్రం ట్యూబ్‌లెస్. బిగించాక టైరు అంచున ఉన్న సన్నని గీత రిమ్ముకి చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో నువ్వే తిప్పి చూసుకో. సబ్బునీళ్ళు రాసి బుడగలు రావడం లేదని చూశాకే దుకాణం నుంచి బయటికి రా. కొన్ని నెలలు నడిపాక గుత్తుల ముందు అంచులు గుండ్రబడతాయి, అప్పుడు టైరు విప్పి తిప్పి వేస్తే వెనక వైపు పదునైన అంచు ముందుకి వస్తుంది. నేను ఎప్పుడూ అలాగే చేసేవాణ్ణి. బురద రోజున ఏ టైరూ దేవుడు కాదు. చిన్నప్పుడు తెనాలిలో నల్లరేగడి మట్టి నా సైకిలు మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగనిచ్చేది కాదు, అదే సంగతి. సెక్షన్‌లోకి దిగే ముందు టైరుని రాయికేసి రుద్దో, కాలితో తన్నో శుభ్రం చేసుకుని వెళ్ళు.

రెండో ఫొటోకి వస్తాను. ప్లగ్ కొన కాటుకలా నల్లగా, పొడిగా ఉంది. తడిగా, నూనెగా లేదు. అది చూసి నాకు ఊపిరి వచ్చింది. మనలాంటి ఫోర్‌స్ట్రోక్ బండి మీద దిగుడులో త్రాటిల్ మూసి ఇంజనుతోనే ఆపుకుంటూ దిగుతామే, ఆ సమయంలో సిలిండర్‌లో వాక్యూమ్ పెరిగి, వాల్వ్ సీల్స్ అరిగిపోయి ఉంటే ఆయిల్ లోపలికి లాగేస్తుంది. అప్పుడు ప్లగ్ జిడ్డుగా తడిసి ఉంటుంది. నీది పొడి మసి. ముందు ఎయిర్ ఫిల్టర్ ఉతుకు, మురికి ఫిల్టర్ వల్ల పెట్రోలు పాలు ఎక్కువై మసి పడుతుంది. రెండోది, మన ఆటే అలాంటిది. సెక్షన్ దగ్గర క్యూలో ఇంజను ఊరికే తిరుగుతూ ఉంటుంది, లోపలికి వెళ్ళాక కూడా తక్కువ స్పీడే. ప్లగ్ కొన సుమారు 500 డిగ్రీల దాకా వేడెక్కితేనే తన మసి తానే కాల్చుకుంటుంది. అందుకే క్యూలో ఎక్కువసేపు నిలబడాల్సి వస్తే ఇంజను ఆపేయి. ఖాళీ దారి దొరికినప్పుడు కాసేపు గట్టిగా పోనివ్వు. ఆరోగ్యంగా ఉన్న ప్లగ్ కొన పాలకోవా రంగులో ఉంటుంది, గుర్తుపెట్టుకో.

ఆ నల్ల మసికి మూడో కారణం కూడా ఉండవచ్చు, అది నేను అనుభవించాను. ఒక దుకాణంలో మాన్యువల్ చెప్పినదానికన్నా అంకె రెండు ఎక్కువ ఉన్న ప్లగ్ ఇచ్చారు. థ్రెడ్ సరిపోయింది, బండి స్టార్ట్ అయింది, నేను అంకె చూడలేదు. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌ల మీద ఆ అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లగా పనిచేస్తుంది. మధ్యాహ్నానికి మసి పట్టేసింది. వానలో కిక్ కొట్టీ కొట్టీ కుడికాలు వణికిపోయింది. నా ప్రాక్టీసు చాలలేదనుకుని ఇంటికి వచ్చేశాను. వారం తర్వాత ప్లగ్ మీద అంకె చూసి ఏడుపొచ్చినంత పనైంది. నీ మెసేజ్ చదువుతుంటే ఆ రోజే గుర్తొచ్చింది.

అదీగాక మన మాంటెసా 4ఆర్‌టీకి బ్యాటరీ లేదు. పెట్రోలు పంపుకీ, ఇంజెక్షన్‌కీ, ప్లగ్‌లో నిప్పుకీ కరెంటు అంతా నీ కిక్ నుంచే రావాలి. సగం కిక్ కొడితే రాదు, పైనుంచి కింద దాకా ఒక్క ఊపున కొట్టాలి. ప్లగ్ బాగుంటే రెండు కిక్కుల్లో అందుకుంటుంది.

కొత్త ప్లగ్ కూడా మీటరుతోపాటు పంపుతున్నాను, మాన్యువల్ అంకెతో సరిచూశాను. కోడ్ చివర 9 ఉంది, అంటే కొనల మధ్య ఖాళీ 0.9 మిల్లీమీటర్లు. కింద పడేస్తే మాత్రం వాడకు. విప్పే ముందు ఇంజను పూర్తిగా చల్లారనివ్వు. అల్యూమినియం హెడ్, వేడి మీద తిప్పితే థ్రెడ్ ఊడి వస్తుంది. చుట్టూ ఉన్న ఇసుక బ్రష్‌తో ఊడ్చి, గాలి ఊది, అప్పుడు విప్పు. ఒక్క ఇసుక రేణువు సిలిండర్‌లో పడినా గీతలు పడతాయి. బిగించేటప్పుడు పానా లేకుండా సాకెట్‌ని వేళ్ళతోనే తిప్పు. చివరిదాకా సులువుగా వెళ్ళాలి. మొరాయిస్తే వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టు. ఆగాక పానాతో అర చుట్టు, అంతే. ఈ సన్నటి 10 మిల్లీమీటర్ల ప్లగ్‌కి అంతకు మించి బలం పనికిరాదు. పైన రబ్బరు క్యాప్ టక్కుమని కూర్చోవాలి, లేకపోతే బండి కడిగిన ప్రతిసారీ నీళ్ళు దిగుతాయి.

ఫోర్‌స్ట్రోక్ బరువు, టూస్ట్రోక్ అయితే సులువు అని ఎవరో అన్నారన్నావు. బరువు నిజమే. కానీ ఎడీ లెజూన్ 1982, 83, 84లో వరసగా ప్రపంచ ఛాంపియన్ అయింది హోండా ఫోర్‌స్ట్రోక్ మీదే. టోనీ బౌ 2007లో తన మొదటి ప్రపంచ టైటిల్ గెలిచింది మన 4ఆర్‌టీ మీదే. రెండు చుట్లకి ఒక్కసారి పేలే ఆ ఇంజను దెబ్బకీ దెబ్బకీ మధ్య టైరుకి రాయిని పట్టుకునే వ్యవధి ఇస్తుంది. నీకు అది తెలియకపోవడానికి కారణం ఆ గట్టిపడిన రబ్బరూ, 12 పాయింట్ల గాలీ.

టైరు డబ్బులు రేపు వేస్తాను. ముందు టైరు మీద కూడా ఆ నాలుగు అంకెలు చూసి పంపు. ఆ పాత ప్లగ్‌ని పారేయకు, ఫొటోలో రంగు సరిగ్గా తెలియడం లేదు. వచ్చే నెల వచ్చేటప్పుడు పట్టుకురా, ఎండలో పెట్టి ఇద్దరం చూద్దాం.

నాన్న