పచ్చి చెక్క, పచ్చని ఇల్లు

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "చెట్లు కోసి అమ్మేవాళ్ళు గ్రీన్ అని బోర్డు పెట్టుకుంటే నవ్వు రాదా నాన్నా?" అని అడిగావు. ఫోన్‌లోనే చెప్పేద్దామనుకున్నాను కానీ, ఫోన్‌లో నువ్వు నన్ను రెండో వాక్యం దాటనివ్వవు. అందుకే కాగితం పట్టుకున్నాను.

నవ్వు రావాల్సిన బోర్డులు ఉన్నాయి, కాదనను. అయితే మా కలప పనిలో గ్రీన్ అంటే 'పచ్చి', ఇంకా ఆరని చెక్క. ఈ వ్యాపారంలో నాకు తగిలిన పెద్ద దెబ్బ ఆ పచ్చిదనం వల్లే తగిలింది. నువ్వు పుట్టకముందు సంగతి. మీ అమ్మకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఒకాయన తన కొత్త ఇంటికి పద్నాలుగు తలుపులు కావాలన్నాడు. ఇంట్లో దిగే తేదీ దగ్గర పడిందని తొందరపెట్టాడు. చెక్క మంచిదే, చేవ నిండిన దుంగల నుంచి కోసిందే. కాకపోతే కోసి ఎన్నో రోజులు కాలేదు. మా పెద్ద వడ్రంగి పలకను చేత్తో ఎత్తి చూసి, "ఇంకా బరువుంది, తడి దిగలేదు, ఆగుదాం" అన్నాడు. నేను ఆగలేదు. ఎండలు ముదిరేసరికి తలుపులు మెలితిరిగాయి. పలకల మధ్య సందులు పడ్డాయి, ఒక్కదానికీ గడియ సరిగ్గా పడలేదు. పద్నాలుగూ ఊడదీసి కొత్తవి చేసిచ్చాను. పోయిన డబ్బు తర్వాత సంపాదించుకున్నాను. ఊడదీసిన చెక్కలో పనికొచ్చేవి ఏరుకోగా మిగిలిందంతా పొయ్యిలోకి పోయింది. అన్నేళ్ళు పెరిగిన చెట్లు నా తొందర వల్ల ఒక్క ఏడాదైనా తలుపులుగా నిలవలేదు.

అప్పటినుంచి నాది ఒకటే లెక్క. చెట్టు పెరగడానికి ఎన్నేళ్ళు పట్టిందో, కనీసం అన్నేళ్ళు ఆ చెక్క ఇంట్లో నిలబడాలి. గ్రీన్ అని ఎవరన్నా ముందు నేను చూసేది ఇదే.

నీకు పాఠంలో చెప్పారో లేదో, చెక్కలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి. సన్నటి గొట్టాల్లాంటి కణాల లోపల నిలిచిన నీరు ముందు పోతుంది. అది పోతే బరువు తగ్గుతుంది కానీ కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక, కణాల గోడల్లో ఇంకిన నీరు కదలడం మొదలవుతుంది. అసలు కుదింపు అక్కడినుంచే. అది కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. దుంగను అడ్డంగా కోస్తే గుండ్రటి గీతలు కనిపిస్తాయి చూడు, వాటి వెంబడి కుదింపు ఎక్కువ. నడిమి నుంచి బెరడు వైపుకు అందులో ఇంచుమించు సగం. నిలువునా దాదాపు లేనట్టే. పలక దోనెలా వంగడానికి కారణం ఈ తేడానే. అందుకే ఇంటి లోపలికి వాడే చెక్కను ఇప్పుడు ఆరబెట్టే ఛాంబర్‌లో పెట్టి తేమను 8 నుంచి 12 శాతానికి దించి గానీ మిల్లు దాటనివ్వను. అడిగినవాళ్ళు ఎంత దగ్గరివాళ్ళయినా సరే.

ఇక మీ క్లాసులో వేసే కార్బన్ లెక్క. ఆరిన చెక్క బరువులో దాదాపు సగం కార్బనే. ఘనపు మీటరు చెక్క 500 కిలోలు తూగిందనుకో, అందులో కార్బన్ 250 కిలోలు. దాన్ని కూడబెట్టడానికి చెట్టు గాలి నుంచి తీసుకున్న కార్బన్ డయాక్సైడ్ 900 కిలోల పైమాటే. తలుపు నిలిచినంత కాలం అది అందులోనే ఉంటుంది, కాలిన రోజున తిరిగి గాలిలో కలుస్తుంది. నా పద్నాలుగు తలుపుల లెక్క నువ్వే వేసుకో. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు తయారీదే 7, 8 శాతం దాకా ఉంటుందని చెప్పి, అందుకే చెక్క వాడేస్తే చాలు అనేవాళ్ళు మా వ్యాపారంలోనూ ఉన్నారు. వాళ్ళు చెప్పనిది ఒకటుంది. దుంగలో పలకగా మారేది ఇంచుమించు సగమే. మిగతాది పొట్టు, అంచులు, ముక్కలు. వాటిని బోర్డుల తయారీకి పంపుతున్నారా, బాయిలర్‌లో వేస్తున్నారా, ఊరికే తగలేస్తున్నారా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది.

అడవి సంగతికి వద్దాం. పెరిగినంత మేరకే కొట్టాలి అన్న మాట ఈ మధ్య పుట్టిందనుకుంటారు. 1713లోనే జర్మనీలోని సాక్సనీలో హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్ అనే గనుల అధికారి దీన్ని పుస్తకంగా రాశాడు. చెట్ల మీద ప్రేమ పొంగి కాదు, గనులకూ కొలుములకూ కలప దొరకని రోజు వస్తుందన్న భయంతో. నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది. వ్యాపారి కూడా అలాగే ఆలోచిస్తాడు, కాకపోతే బయటికి చెప్పుకోడు.

కానీ పెరిగినంతే కొట్టినా అడవి మిగలకపోవచ్చు. ఒకే జాతి మొక్కలు వరసగా నాటితే కలప పుష్కలంగా వస్తుంది, పిట్టలు మాత్రం రావు. ఒకసారి దుంగలు కొనడానికి వెళ్ళి రెండు రోజులు అడవిలో తిరిగాను. కొట్టాల్సిన చెట్లకు అల్లుకున్న తీగలను నెలల ముందే కోసి ఎండబెట్టారు. ఎందుకని అడిగితే, తీగలు పచ్చిగా ఉంటే పడే చెట్టు పక్క చెట్లను కూడా లాక్కుని పడుతుందన్నారు. ఏ చెట్టు ఎటు పడాలో, దుంగను ఏ దారిన ఈడ్చాలో ముందే గుర్తుపెట్టుకున్నారు. వాగు గట్టున కొంత మేర అసలు గొడ్డలే పెట్టలేదు. మధ్యలో ఒక ఎండిన మాను, తొర్రలతో, రంగు గుర్తు వేసి నిలబడి ఉంది. "ఇదెందుకు దండగ, కట్టెలకైనా వస్తుంది కదా" అన్నాను. అక్కడి పెద్దాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "అది వడ్రంగి పిట్టలది" అన్నాడు. అంతే. బేరం ఆడటానికి నాకు ఇంకో మాట దొరకలేదు.

సర్టిఫికెట్లను నమ్మాలా అని కూడా అడిగావు. నమ్ము, కానీ చదివి నమ్ము. అడవిని సరిగ్గా చూసుకుంటున్నారని ధ్రువీకరించే ఎఫ్ఎస్‌సీ అనే సంస్థ 1993లో మొదలైంది, దాని ముద్రలోనే మూడు రకాలున్నాయి. మొత్తం సర్టిఫికెట్ ఉన్న అడవుల నుంచి వచ్చింది ఒకటి, పాతది తిరిగి వాడింది ఒకటి, కలగలుపు ఒకటి. మిక్స్ అని రాసి ఉంటే అది తప్పుడు సరుకు కాదు, కానీ మొదటి రకమూ కాదు. ఇంకో చిక్కుంది. అడవికి సర్టిఫికెట్ ఉన్నా, మిల్లుకో వ్యాపారికో లేకపోతే గొలుసు అక్కడితో తెగినట్టే. తర్వాతి బిల్లు మీద ఆ మాట రాయకూడదు. కాబట్టి పోస్టర్ చూడకు, బిల్లు చూడు. రోజ్‌వుడ్ కుటుంబాన్ని, అంటే డాల్బెర్జియా జాతులన్నిటినీ, 2017లో సైటిస్, అంటే ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం, ఆంక్షల కిందికి తెచ్చినప్పుడు కాగితాల పని తట్టుకోలేక నేనూ సణిగాను. ఇప్పుడు ఆ సణుగుడు గుర్తొస్తే కాస్త సిగ్గేస్తుంది.

నీ ప్రాజెక్టులో ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే బోర్డు) చాలా ఉన్నాయి. అడవి ఎంత మంచిదైనా జిగురు సంగతి వేరు. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఫార్మాల్డిహైడ్ వాయువును నెమ్మదిగా గదిలోకి వదులుతూనే ఉంటుంది. అది మనుషులకు క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. తక్కువ ఉద్గారం ఉన్న గ్రేడు అడుగు, కోసిన అంచులను సీల్ చేయించు.

చెక్కతో ఎత్తైన భవనం అంటే మీ సార్ నిప్పు గురించి భయపెట్టారన్నావు. నార్వేలో 2019లో పూర్తయిన మ్యోస్టోర్నెట్ అనే భవనం 18 అంతస్తులు, 85 మీటర్ల పైచిలుకు ఎత్తు, దాన్ని మోసేది ప్రధానంగా చెక్కే. లావు దూలం పైనుంచి బొగ్గు కట్టుకుంటూ కాలుతుంది. ఆ బొగ్గే లోపలి చెక్కకు కవచం. డిజైన్ లెక్కల్లో మెత్తరకం చెక్క పలకలు అతికించి చేసిన దూలం, అంటే గ్లూలామ్, నిమిషానికి 0.65 మిల్లీమీటర్ల లోతు బొగ్గవుతుందని తీసుకుంటారు, అంటే అరగంటకు రెండు సెంటీమీటర్లు. ఆ మేరకు లావు పెంచి గీస్తారు. సన్నటి పట్టీలకు ఈ మాట వర్తించదు, అది మర్చిపోకు.

నన్నడిగితే నిప్పు కన్నా నీళ్ళకే భయపడాలి. జపాన్‌లో హోర్యూజీ అనే బౌద్ధాలయపు చెక్క గోపురం సుమారు 1,300 ఏళ్ళుగా నిలబడి ఉంది. ఫొటో చూడు, గోడలకన్నా ముందు చూర్లు కనిపిస్తాయి, అంత బయటికి దించారు. నీ డ్రాయింగ్‌లో చూరు ఎక్కడుందో నాకు భూతద్దం పెట్టినా దొరకలేదు.

తేమ మీటర్ ఒకటి పార్సిల్ చేశాను. నీ సైట్‌కి వచ్చిన పలకల్లో పైవాటినే కాదు, దొంతర మధ్యలోవి కూడా లాగి చూడు. పైవి ఎప్పుడూ ఆరే ఉంటాయి.

ఇంకొకటి. తలుపుల ఎత్తు ఏడడుగుల మూడంగుళాలు అని గీశావు. నా దగ్గర పలకలు అడుగు లెక్కన కోసి ఉంటాయి. నీ కొలతకు ఎనిమిదడుగుల పలక తీసి, ప్రతిదాన్నుంచీ తొమ్మిదంగుళాల ముక్క కోసి పారేయాలి. ఏడడుగులైతే ఒక్క ముక్కా పోదు. ఆ మూడంగుళాలు ఎందుకు కావాలో రాయి. కారణం ఉంటే అలాగే చేయిస్తాను. లేకపోతే చెరిపేసి మళ్ళీ పంపు, శుక్రవారం కోత పెట్టుకున్నాను.

మీ నాన్న