నా దరఖాస్తు కాంట్రాక్టర్‌కు ఎలా చేరింది? జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. సోమవారం ప్రజావాణిలో మీ చేతికే నాలుగుసార్లు అర్జీ ఇచ్చాను. నాలుగుసార్లూ మీరు 'చూడండి' అని రాసి పక్కనున్న అధికారికి అందించారు. ఆయన చూశారు, నన్ను. కాగితాన్ని కాదు. అందుకే ఐదోది ఇలా నలుగురి ముందు రాస్తున్నాను.

సమాచార హక్కు చట్టం కింద నేను అడిగింది మా మండలంలోని ఒక చెరువు పని తాలూకు ఎం-బుక్, అంటే పని కొలతలు రాసే పుస్తకం, దాని నకలు. మిషన్ కాకతీయ చెరువుల పథకంలో పూడిక తీశామని, కట్ట గట్టి చేశామని బిల్లులెత్తారు. 2022 జులై వానలకు ఆ కట్టే కోసుకుపోయింది. ఎంత మట్టి తీశారు, ఎవరు కొలిచారు, ఆ కొలతల మీద పై అధికారి తనిఖీ, అంటే చెక్ మెజర్‌మెంట్, ఏ తేదీన జరిగింది? అంతే కావాలి. పేజీకి 2 రూపాయల చొప్పున కట్టడానికి చిల్లర కూడా జేబులో పెట్టుకునే తిరుగుతున్నాను.

ఆ సెప్టెంబరులో 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, రిజిస్టర్ పోస్టులో దరఖాస్తు పంపాను. అందినట్టు కార్డు నాకింకా తిరిగి రానేలేదు, ఈలోపే. నాలుగో రోజు పొద్దున్నే ఆ చెరువు పని చేసిన కాంట్రాక్టర్ ఫోన్. "అన్నా, ఎం-బుక్ కాయిదాలు అడిగినవంట గదా. నాకు చెప్తే నేనే ఇంటికి పంపిస్తుంటి గదా" అన్నాడు. ఎంత మర్యాదో! మా పిల్లవాడు ఏ బడిలో చదువుతున్నాడో కూడా అడిగాడు.

కలెక్టర్ గారూ, చట్టం ప్రకారం నాకు 30 రోజుల్లో జవాబు రావాలి. 30 దాటాయి, 40 దాటాయి. అప్పుడొక కాగితం వచ్చింది. సెక్షన్ 8(1)(జె) కింద అది వ్యక్తిగత సమాచారమట, ఇవ్వరట. ఎవరి వ్యక్తిగతం, చెరువుదా? మూడో మనిషి అభిప్రాయం తీసుకోవాలంటే సెక్షన్ 11 కింద రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నా దరఖాస్తును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని ఏ సెక్షన్‌లో ఉందో మీ పౌర సమాచార అధికారి గారు చెబితే నేర్చుకుంటాను.

మొదటి అప్పీలుకు జవాబే లేదు. రెండో అప్పీలు 2023 మార్చిలో వేశాను. వేసేనాటికి రాష్ట్ర సమాచార కమిషన్‌లో కుర్చీలున్నాయి, కూర్చునేవాళ్లు లేరు. 2023 ఫిబ్రవరిలో ఖాళీ అయిన కమిషన్‌కు 2025 మేలో గానీ కమిషనర్లు రాలేదు. అది మీ చేతిలో లేదని తెలుసు. కానీ సమాచారం ఆపిన అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయాల్సింది ఆ కమిషనే. వేసేవాళ్లే లేకపోతే మీ కింది అధికారులకు భయం ఎక్కడిది?

మాలాంటి మండల విలేకరులకు జీతాలుండవు, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన లైన్లకు లెక్కకట్టి ఇచ్చే డబ్బే. దసరాకు ప్రకటనలు తెస్తేనే పత్రికలో చోటు. ఏటా ప్రకటన ఇచ్చే ఆ కాంట్రాక్టర్ ఆ ఏడాది ఇవ్వలేదు. సరే, అది నా గోడు, వదిలేయండి.

వదల్లేనిది ఇంకొకటుంది. మన సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో రోడ్డు పనిలో అవినీతిని బయటపెట్టిన విలేకరి ముఖేశ్ చంద్రాకర్ శవం 2025 జనవరిలో ఒక కాంట్రాక్టర్ స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ప్రధాన నిందితుడైన కాంట్రాక్టర్ మన హైదరాబాద్‌లోనే పట్టుబడ్డాడు. ఆ వార్త చదివిన రోజు నాకు గుర్తొచ్చింది ఎం-బుక్ కాదు, మా పిల్లవాడి బడి గురించి అడిగిన గొంతు.

దయచేసి ఆ నకలు ఇప్పించండి. అంతకంటే ముందు, నా పేరు, నా ఫోన్ నంబరు ఆఫీసు గుమ్మం దాటి ఎలా పోయాయో విచారించండి. అడిగినవాడి వివరాలు ఎవరికీ చెప్పొద్దని ఒక్క సర్క్యులర్ అయినా పంపండి. ఎం-బుక్ ఇవ్వడం అంత కష్టమైతే, కనీసం అదొక్కటైనా చేయండి.

వచ్చే సోమవారం మళ్లీ వస్తాను, నాలుగు అర్జీల రసీదులూ పట్టుకుని. ఈ ఉత్తరం కూడా మీకంటే ముందు ఆ కాంట్రాక్టర్‌కే చేరుతుందని తెలుసు. ఆయనకూ నమస్కారాలు.

ఇట్లు,
ఒక మండల విలేకరి