వేలానికి పోయిన మా నాన్న స్టాంపులు

సంపాదకులకు నమస్కారం.

పాత స్టాంపులు, నాణేలు వేలం సంస్థకు ఇస్తే లక్షలు వస్తాయని ఈమధ్య చాలామంది అంటున్నారు. మా ఇంటికి వచ్చిందెంతో లెక్క రాస్తున్నాను.

మా నాన్న కర్నూలులో తపాలా గుమాస్తా. 1948 ఆగస్టు 15న గాంధీజీ స్టాంపులు విడుదలైతే నాలుగూ కొన్నారు: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. మొత్తం 11 రూపాయల ఒక అణా. ఆ ఖర్చు తెలిసి మా నాయనమ్మ నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదట. వెనక జిగురు చెదరకుండా డెబ్బై ఏళ్లకు పైగా దాచాం.

నిరుడు జూలైలో ఆ సెట్టునూ, మరో మూడు ఆల్బమ్‌లనూ ముంబైలోని ఒక వేలం సంస్థకు పంపాను. 40 వేలకు తగ్గదన్నారు. ఇంతకు తగ్గితే అమ్మవద్దని కనీస ధర పెట్టుకుంటే, సరుకు అమ్ముడుపోకపోయినా రుసుము కట్టాలట. భయపడి పెట్టలేదు, అది నా తెలివితక్కువే. తీరా కేటలాగు చూస్తే అన్నిటికీ కలిపి ఒకే పాట పెట్టేలా ఒకే లాటు చేశారు. వెనక్కి ఇమ్మంటే దానికీ రుసుమేనన్నారు.

డిసెంబరులో పాట 26,000 దగ్గర ఆగింది. అందులో పదిహేను శాతం కమీషన్ 3,900, దానిమీద జీఎస్‌టీ 702, ఫొటోలకు 1,000, బీమాకూ రవాణాకూ 900 పోయాయి. ఫిబ్రవరిలో చేతికందింది 19,498. కొన్నవారి దగ్గర పాట ధర మీద ఇరవై శాతం అదనంగా తీసుకున్నారు. అంటే వారు పన్నులు కాక 31,200 కట్టారు!

మా మార్కెట్ యార్డులో ఉల్లి రైతుకూ వచ్చే డబ్బులో కోతలుంటాయి. కానీ ఆయన తన కుప్ప పక్కనే నిలబడి, పాడుతున్నది ఎవరో చూస్తాడు. నేను ఫోనులో అంకెలు చూశాను, అంతే.

'సర్వీస్' అని అదనంగా ముద్రించిన పది రూపాయల గాంధీ స్టాంపు వంటి అపురూపమైనవాటికి వేలమే దారి కావచ్చు, వాటికి ఎక్కడెక్కడివారో పోటీపడతారు. మాలాంటివారి మామూలు సెట్లకు పోటీ ఉండదు, కోతలు మాత్రం అవే. ఇంత పాట వస్తే మీ చేతికి ఇంత అని ఒప్పందం మొదటి పేజీలోనే, అమ్మేవారి భాషలో రాసివ్వాలని ప్రభుత్వం నియమం పెట్టాలి. పన్నెండు పేజీల ఇంగ్లీషులో నేను వెతికినా ఆ ఒక్క అంకె దొరకలేదు.

ఇంకొక ఆల్బమ్ ఇంట్లోనే ఉంది. కావలసినవారు వచ్చి, కూర్చుని, చూసి బేరమాడవచ్చు. కాఫీకి రుసుము లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు