ఆ బల్ల దగ్గర కుర్చీ లేనివారు

సంపాదకులకు నమస్కారం.

పశ్చిమాసియా శాంతి చర్చలనగానే మన పత్రికలు కరచాలనం ఫొటో దగ్గరే ఆగిపోతున్నాయి. దాని వెనక పడే పాట్లను గుర్తుచేయాలనే ఈ ఉత్తరం.

1978 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఈజిప్టు నేత సాదత్‌ను, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌ను శాంతి చర్చల కోసం అమెరికా అధ్యక్షుల విడిది క్యాంప్ డేవిడ్‌లో 13 రోజులు ఉంచారు. తొలి రోజుల్లోనే ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆ తర్వాత ముసాయిదాలు పట్టుకుని ఇద్దరి మధ్యా కార్టరే తిరిగారు. సాదత్ సామాను సర్దుకుంటే వెళ్లి ఆపారు. ఆఖరి రోజు బెగిన్ బిగుసుకుపోతే, ఆయన మనవలు, మనవరాళ్లలో ఒక్కొక్కరి పేరూ రాసి సంతకం చేసిన ఫొటోలు తీసుకెళ్లి చేతికిచ్చారు. ఆ పేర్లు చదువుతూ బెగిన్ కంటతడి పెట్టుకున్నారు. ఒక అగ్రరాజ్యాధినేత అంత ఓపిక పట్టడం నాకు నేటికీ అబ్బురమే.

1979 మార్చి 26న ఈజిప్టు, ఇజ్రాయెల్‌ల మధ్య శాంతి ఒప్పందం కుదిరింది. 1982 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ సైన్యం తాను ఆక్రమించిన ఈజిప్టు భూభాగం సినాయ్‌ని వీడింది. ఆ రెండు దేశాలూ మళ్లీ యుద్ధానికి దిగలేదు.

అయితే పాలస్తీనీయులుండే వెస్ట్ బ్యాంక్, గాజాల భవిష్యత్తు గురించి క్యాంప్ డేవిడ్‌లోనే రాసుకున్న మరో పత్రం కాగితానికే పరిమితమైంది. ఆ చర్చల్లో పాలస్తీనీయుల ప్రతినిధి ఒక్కరూ లేరు. ఎవరి నేల గురించి మాట్లాడారో వారినే పిలవలేదు! ఈ అన్యాయం నన్ను కలచివేస్తుంది.

ఇకపై ఏ చర్చల వార్త వేసినా, అక్కడికి ఎవరిని పిలవలేదో కూడా దయచేసి రాయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు