రేపటి చిచెన్ ఇట్సా (మెక్సికోలోని పాత మాయా నగరం) ట్రిప్ గురించి

అందరికీ ఒక మాట. మూడు రోజులుగా కాంకున్ రిసార్టులో పూల్ వదలని పిల్లల్ని ఎలా లేపుతారో మీ ఇష్టం, బస్సు మాత్రం పొద్దున ఏడింటికి కదులుతుంది. దాదాపు 200 కిలోమీటర్లు, రెండున్నర గంటల దారి. యుకతాన్ రాష్ట్రంలోకి అడుగుపెట్టగానే ఫోన్లో టైము గంట వెనక్కి పోతుంది, కంగారుపడకండి. గైడ్ చెప్పే టైము ఎక్కడి లెక్కో మాత్రం అడిగి తెలుసుకోండి.

పెద్ద పిరమిడ్ ఎక్కనివ్వరు. పిల్లలకు ఈ రాత్రే చెప్పేయండి, అక్కడ ఏడుపులు నావల్ల కాదు. బదులుగా మెట్లకు ఎదురుగా నిలబెట్టి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టించండి. తిరిగొచ్చే శబ్దం అచ్చం పిట్ట కూసినట్టే ఉంటుంది. నాలుగు వైపులా 91 చొప్పున మెట్లు, పైన వేదికతో కలిపితే 365. మావాడు లెక్కపెడతానంటాడు, నేనైతే ఆపను.

నీడ తక్కువ, కాబట్టి టోపీ, నీళ్ళ సీసా మర్చిపోవద్దు. తిరుగుదారిలో సెనోటే ఉంది, అంటే సున్నపురాయి కుంగి ఏర్పడ్డ లోతైన మడుగు. సన్‌స్క్రీన్ కడుక్కుంటేనే దిగనిస్తారు. అత్తయ్యా, మెట్లు తడిగా ఉంటాయి, మీరు పైనుంచే చూడండి. చిల్లర పెసోలు అందరూ దగ్గర పెట్టుకోండి.