అది పగులు కాదు, తాడు దారి

సంపాదకులకు,

మూడు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్ మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఇంగ్లండులో మా అబ్బాయి దగ్గరున్న నాకు రాజమండ్రి నుంచి మా వియ్యంకుడు పేజీ ఫొటో తీసి పంపేసరికే పదిరోజులైంది. కోపం చల్లారుతుందేమోనని ఇంకో పదిరోజులు ఆగాను. చల్లారలేదు.

స్ట్రాట్‌ఫర్డ్ కాలువ మీది చిన్న వంతెన ఫొటో వేసి, కింద 'మధ్యలో పగులిచ్చినా నిలిచిన పాత వంతెన' అని రాశారు. అది పగులు కాదండీ. కట్టినవాళ్లు కావాలని వదిలిన సందు. ఈ కాలువ 1816లో స్ట్రాట్‌ఫర్డ్ చేరింది. అప్పట్లో పడవని గట్టు మీద నడిచే గుర్రం లాగేది. గుర్రం నడిచే దారి కూడా వంతెన కిందే పట్టాలంటే వెడల్పు కావాలి, వెడల్పు అంటే డబ్బు. అందుకని పడవ మట్టుకు పట్టేంత ఇరుకుగా కట్టి, రెండు ఒడ్ల నుంచీ ఇనుప పలకలు ముందుకు చాపి, మధ్యలో వేలెడు సందు వదిలారు. గుర్రం పక్కనుంచి పోతుంది, తాడు ఆ సందులోంచి జారిపోతుంది. విప్పి మళ్లీ కట్టే పనే లేదు. ధవళేశ్వరం కింద కాలువల మీద, లాకుల మీద సర్వీసంతా చేసినవాణ్ణి. మా తాతల కాలంలో పడవల్ని మనుషులే తాడు భుజాన వేసుకుని లాగేవారు. ఇంత తెలివైన పని నేనెక్కడా చూడలేదు. దాన్ని పగులంటారా? ఒకప్పుడు మీ దగ్గర ఫొటో కింద రెండు ముక్కలు రాసేముందు ఎవరినైనా అడిగేవారు.

ఇంకో మాట. 'అక్కడి ప్రభుత్వాలు ఇలాంటివి కంటికి రెప్పలా కాపాడుకుంటాయి' అని రాశారు. 1958లో ఈ కాలువనే పూడ్చిపెట్టాలని చూసింది ఇక్కడి జిల్లా పాలక సంస్థ, వార్విక్‌షైర్ కౌంటీ కౌన్సిల్. కారణమేమిటో తెలుసా? విల్మ్‌కోట్ దగ్గర, అంటే షేక్‌స్పియర్ తల్లిగారి ఊళ్లో, ఒక వంతెన తిరిగి కట్టాల్సి వచ్చింది. కాలువే లేదంటే వంతెన ఖర్చు తప్పుతుంది కదా! ఎవరూ పడవలు నడపడం లేదని వాదించారు. ఈ కాలువలో తెడ్డేసుకుంటూ వెళ్లినవాళ్లు డబ్బు కట్టిన రసీదు చూపించారు, ఆ వాదన వీగిపోయింది. చిత్తు కాగితం లాంటి రసీదు! తర్వాత బాగుచేసిందీ ప్రభుత్వం కాదు. పాత కట్టడాలు కాపాడే స్వచ్ఛంద సంస్థ నేషనల్ ట్రస్ట్ తీసుకుంటే వాలంటీర్లు, సైనికులు, జైలు ఖైదీలు కూడా దిగి బురద ఎత్తారు. 1964లో బ్రిటన్ రాజమాత వచ్చి తెరిచింది. మీ వ్యాసంలో ఇందులో ఒక్క ముక్క లేదు. హోటల్లో తిన్న చేపల వేపుడుకి మాత్రం అరకాలమ్ ఇచ్చారు.

రెప్పలా కాపాడటం ఎలా ఉంటుందో చూడాలంటే మా అబ్బాయి వాళ్ల ఊరు రండి. పేరు రాయను, ఈ వార్విక్‌షైర్‌లోదే. ఏదో సామాన్ల వ్యాను తగిలి ఇక్కడి కాలువ వంతెన పిట్టగోడ కూలింది. ఆ రోజే నారింజరంగు ప్లాస్టిక్ వల చుట్టారు. అది జరిగింది శీతాకాలంలో, ఇప్పుడు కోతలు కూడా అయిపోయాయి. వల వెలిసి తెల్లబడింది. ఇటుకలు నీళ్లలోంచి కనిపిస్తున్నాయి, వాటి పక్కన ఒక ట్రాఫిక్ కోన్ కూడా మునిగి ఉంది. పిట్టగోడ కింద కమానులో నెర్రె పడింది. నా చిటికెనవేలు పడుతుంది, పెట్టి చూశాను. రోడ్డు వాళ్లకి రాస్తే వంతెన కాలువ వాళ్లదన్నారు. కాలువ వాళ్లకి రాస్తే దెబ్బ తగిలింది రోడ్డు మీద కదా అన్నారు. ఇలాంటి జవాబులు నేనూ సర్వీసులో చాలా రాశాను, అందుకే మొదటి లైనులోనే గుర్తుపట్టాను.

వంతెన పక్కనే పడవలు ఆపుకునే రేవు. '48 గంటలు మాత్రమే' అన్న బోర్డు తళతళా మెరుస్తోంది. పడవ కట్టే ఇనుప కడియాలు జమ్ములో ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. మొన్న డెబ్బై దాటిన ముసలాయన ఒడ్డుకి పలక వేసి దిగబోతే పలక జారింది. మోకాలి దాకా బురద. ఆయన భార్య తాడు పట్టుకుని, కట్టడానికి ఏమీ దొరక్క, నావైపు చూసింది. ఇద్దరం కలిసి చెట్టుకి చుట్టాం. చెట్టుకి కట్టకూడదని కూడా అక్కడ రాసుంది లెండి.

డబ్బు లేదంటారు. నిజమే, కాలువలకిచ్చే గ్రాంటుని 2027 నుంచి పదేళ్లపాటు ఏటా 5 శాతం చొప్పున కోస్తామని ఇక్కడి ప్రభుత్వం 2023లోనే చెప్పింది. కానీ పది ఇటుకలు నీళ్లలోంచి తీసి పేర్చడానికి గ్రాంటు కావాలా? మన దగ్గర లాకుల తలుపులు తుప్పుపట్టి, కాలువల నిండా గుర్రపుడెక్క పెరిగినప్పుడూ ఇదే పాట విన్నాను. ఇంగ్లీషులో విన్నా రాగం మారలేదు. 'నాన్నా, మీరు రిటైరయ్యారు' అంటాడు మా అబ్బాయి.

సవరణ వేయాలని కోరుతున్నాను. మా అబ్బాయి ఊరి వంతెన ఫొటో కూడా జతచేశాను. వేస్తే కింద నిక్షేపంగా 'పగులు' అని రాసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

– ఒక విశ్రాంత నీటిపారుదల ఉద్యోగి, రాజమండ్రి (ప్రస్తుతం వార్విక్‌షైర్, ఇంగ్లండ్)